చింత వేరు, ఆలోచన వేరు

వాన తప్పి వేరుశనగ యెండిన యేట చెన్నేకొత్తపల్లి ప్రాంతపు రైతు రాత్రి పడకపై "విత్తనమేల వేసితిని?" అని పదే పదే తన్ను తాను నిందించుకొనును. గానుగెద్దు తిరిగినచోటనే తిరిగినను నూనె వచ్చును. ఈ చింతవలన అదియు రాదు. దుఃఖమును నెమరువేయుకొలది అది మరింత కాలము నిలుచునని 1991లో అమెరికా మనస్తత్త్వవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా ప్రతిపాదించెను.

కావున "ఇందు రేపు నేను చేయదగిన పని యేది?" అని ప్రశ్నించుకొనవలెను. బ్యాంకులో గడువు అడుగుటయో, పంట బీమా విచారించుటయో తోచినచో అది ఆలోచన. కాగితముపై వ్రాసికొని తెల్లవారినపిదప చేయవలెను. ఏమియు తోచనిచో అది చింత. లేచి చేతులకొక కాయకము కల్పింపవలెను, ఇంటివారితో మనసు విప్పవలెను.

రెండు వారములైనను నిద్ర పట్టనిచో వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి, రుసుము లేకయే తెలుగులో చెప్పుకొనవచ్చును. అడుగుట అవమానము కాదు.