పంట నమూనా గణనలో మేక్‌ఫైలు: అనంతపురం వేరుశనగ ఉదాహరణ

అనంతపురం మెట్ట భూములలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఇంత తక్కువ వర్షంలో వేరుశనగను ఏ వారంలో విత్తాలన్నది రైతుకు అప్పుతో ముడిపడిన ప్రశ్న. విత్తిన కాయ మొలవకపోతే ఆ ఖర్చు తిరిగి రాదు. కావున పంట నమూనా ఆధారంగా సిఫారసు చేసేవారికి, తమ ఫలితం ఏ దత్తాంశం నుండి వెలువడినదో నిశ్చయంగా తెలిసి ఉండాలి.

కొన్నేళ్ల క్రితం మా గణనలోనే పొరపాటు దొర్లినది. ఒక మండలపు జులై వర్షపాతంలో దశాంశ బిందువు తప్పుపడగా సవరించి, దిగుబడులను తిరిగి లెక్కించాము. పటాన్ని మాత్రం తిరిగి గీయలేదు. చివరి ప్రూఫు చూసిన పరిశోధక విద్యార్థిని గుర్తించకపోతే పాత పటమే అచ్చయ్యేది.

ఇది పాత జబ్బే. బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తన ప్రోగ్రాంలో దోషాన్ని వెదకినారు. దోషాన్ని అప్పటికే సవరించినా, ప్రోగ్రాంను తిరిగి కంపైలు చేయలేదు. ఆ అనుభవం విని 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ను రూపొందించారు.

డీఎస్‌ఎస్‌ఏటీలోని క్రాప్‌గ్రో వేరుశనగ నమూనా ఫోర్ట్రాన్‌లో వ్రాయబడినది. అటువంటి నమూనాతో చేసే పనికి మేక్‌ఫైలు చట్రం ఇట్లుంటుంది:

నివేదిక: పటం
పటం: దిగుబడి
దిగుబడి: నమూనా వర్షపాతం నేల
నమూనా: మూలప్రోగ్రాం

ప్రతి పంక్తిలో ఎడమవైపున్నది లక్ష్యం, కుడివైపున్నవి దాని ఆధారాలు. ఆ పంక్తి క్రింద లక్ష్యాన్ని తయారుచేసే ఆదేశాన్ని ట్యాబ్‌తో మొదలుపెట్టి వ్రాయాలి. (ట్యాబ్‌కు బదులు ఖాళీలు వేసి గంటలు పోగొట్టుకోని కొత్తవారు అరుదు.) ఆధారం తేదీ లక్ష్యం తేదీ కన్నా తాజాదైతే మేక్ ఆ దశను, దానిపై ఆధారపడిన దశలను మాత్రమే తిరిగి నడుపుతుంది. వర్షపాతం మారితే దిగుబడి, పటం, నివేదిక మారతాయి. నమూనా తిరిగి కంపైలు కాదు.

అయితే మేక్ చూసేది ఫైలు తేదీని, అందులోని విషయాన్ని కాదు. పెన్‌డ్రైవ్ నుండి పాత తేదీతోనే నకలు చేసిన వర్షపాతం ఫైలును అది మారినట్లు గుర్తించదు. ఇంతకన్నా ప్రమాదకరమైనది మనం పేర్కొనడం మరచిన ఆధారం. పై చట్రంలోనే చూడండి: కదిరి-6 రకపు జన్యు గుణకాల ఫైలు లేదు. ఆ గుణకాలను మార్చినా మేక్ అంతా సిద్ధమనే చెబుతుంది. మూడవ పంక్తి చివర ‘గుణకాలు’ చేర్చవలెను. నివేదికను పంపే ముందు, తేదీలతో నిమిత్తం లేకుండా అన్ని దశలనూ ఒకసారి మొదటి నుండి నడిపించడం మా విభాగంలో ఇప్పుడు నియమం.