అమ్మ చూసిన గడియారం

కూతురు నర్సు చదువు చదివింది. ఇంగ్లండులో ఉద్యోగం చెయ్యాలని ఆమె ఆశ. దానికి ఇంగ్లీషు వచ్చని చూపించాలి. అందుకు రాసే పరీక్షల్లో ఐ.ఇ.ఎల్.టి.ఎస్. ఒకటి.

చదవడం, రాయడం ఆమెకు వచ్చు. వినడం, మాట్లాడడం అంటేనే భయం.

వినే పరీక్ష సుమారు అరగంట. 40 ప్రశ్నలు. మాటలు ఒక్కసారే వినిపిస్తారు. అందుకే ప్రశ్నలు ముందే చూసుకోవాలి. ఒక జవాబు తప్పిపోతే అక్కడే ఆగకూడదు. తర్వాతి ప్రశ్నకు పోవాలి.

మాట్లాడే పరీక్ష 11 నుండి 14 నిమిషాలు. ఎదురుగా ఒకరు కూర్చుని అడుగుతారు. మధ్యలో ఒక చీటీ ఇస్తారు. అందులో ఒక విషయం ఉంటుంది. ఆలోచించడానికి 1 నిమిషం. తర్వాత 2 నిమిషాల దాకా మాట్లాడాలి. దొరల యాస అక్కర్లేదు. మాట స్పష్టంగా ఉండాలి.

"నాకు ఇంగ్లీషు రాదు. నేనేం సాయం చేసేదే?" అంది అమ్మ.

"గడియారం చూడమ్మా. 2 నిమిషాలు అయ్యేదాకా నన్ను ఆగనివ్వకు."

రోజూ అన్నాలయ్యాక కూతురు మాట్లాడేది. అమ్మ గడియారం చూసేది. మొదటి రోజు అర నిమిషానికే మాట ఆగింది.

"తప్పులొస్తాయని భయమమ్మా."

"పలక పట్టిన రోజు నేను తప్పులు రాయలేదా? దిద్దుకోలేదా? చెప్పు, ఆగకు!"

నెల తిరిగింది. 2 నిమిషాలు నిండాయి. కూతురి భయం తగ్గింది.

ఆలోచించండి: మీ ఇంట్లో పరీక్షకు చదివేవాళ్లు ఉన్నారా? వాళ్లకు మీరేం సాయం చెయ్యగలరు?