కుండీలో కలబంద

అక్కా! గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందను మీరు చూసే ఉంటారు. దిష్టి తగలకుండా కడతారు. దిష్టి సంగతి ఎలా ఉన్నా, ఆ మొక్క సంగతి చూడండి. మట్టి లేదు. నీళ్లు పోసేవాళ్లు లేరు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. అదే మొక్కను కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. ఎందుకని?

కలబంద ఆకు కోసి చూడండి. లోపల జిగురు గుజ్జు ఉంటుంది. అదే దాని నీళ్ల బిందె. వానకు నింపుకుంటుంది, ఎండలకు వాడుకుంటుంది. ఆకుమీద కంటికి కనిపించని చిన్న రంధ్రాలుంటాయి. చాలా మొక్కలు వాటిని పగలు తెరుస్తాయి. కలబంద రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అందుకే నీరు అంతగా ఆవిరి కాదు. ఇంత పొదుపరి మొక్కకు రోజూ నీళ్లు పోస్తే వేళ్లకు గాలి ఆడదు. వేళ్లు కుళ్లుతాయి.

కుండీ కొనక్కర్లేదు. పాత డబ్బా చాలు. అడుగున నాలుగు చిల్లులు పెట్టండి. సగం మట్టి, సగం ఇసుక, గుప్పెడు మాగిన పశువుల ఎరువు కలపండి. ఉత్త నల్లరేగడి వద్దు. అది నీరు పట్టి ఉంచుతుంది. వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టండి.

నీళ్లు ఎప్పుడు పోయాలి? మట్టిలో వేలు రెండు కణుపుల లోతు గుచ్చండి. తడి తగిలితే పోయొద్దు. పొడిగా ఉంటే చిల్లుల్లోంచి కారేదాకా పోయండి. ఎండాకాలం సుమారు వారానికోసారి, వానాకాలం రెండు మూడు వారాలకోసారి సరిపోతుంది.

ఇంకో చిక్కుంది. అత్త ఒక చెంబు పోస్తుంది. తెలియక కోడలూ ఒక చెంబు పోస్తుంది. బడి నుంచి వచ్చిన పిల్ల ఇంకో చెంబు! అందుకని నీళ్లు పోసిన తేదీని సుద్దముక్కతో డబ్బామీద రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా.

ఆకులు పలచబడి ముడుచుకుంటే దాహం అన్నమాట. మొదట్లో పసుపురంగు తిరిగి మెత్తబడితే నీళ్లు ఎక్కువైనట్టు.

ఆకు కోయగానే పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. దాన్ని కడుపులోకి తీసుకోకూడదు. విరేచనాలు పట్టుకుంటాయి. గర్భిణులు అసలు తీసుకోకూడదు. పొయ్యి దగ్గర చెయ్యి కాలితే ముందు 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. కాలింది కొంచెమే అయితే ఆ తర్వాత తెల్లగుజ్జు రాయొచ్చు. బొబ్బలు లేచినా, పసిపిల్లలకు కాలినా ఆస్పత్రికే వెళ్లాలి.

మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. వేళ్లతో సహా తీసి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. పక్కింటామెకూ ఒకటి ఇవ్వండి. డబ్బాకు చిల్లులు పెట్టమని చెప్పి మరీ ఇవ్వండి.