నాలుగు బోర్లు పోయాక ఐదోదానిలో నీళ్లు పడతాయా?

సందేహం: మాది నాలుగెకరాల బత్తాయి తోట. పాత బోరు ఎండిపోయింది. రెండేళ్లలో నాలుగు బోర్లు వేశాం, ఒక్కదాంట్లోనూ చుక్క రాలేదు. నాలుగున్నర లక్షలు అప్పయింది. కొబ్బరికాయతో నీళ్లు చూసే పెద్దమనిషి ఈశాన్యం మూలకు కొత్త పాయింటు పెట్టిండు. ‘నాలుగు పోయినయి, ఐదోది పడక ఏం జేస్తది’ అంటడు మా అన్న. ఇప్పుడు ఆపితే పెట్టిందంతా మట్టిపాలే కదా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

సమాధానం: ముందు ఆ నాలుగు గుంతలకూ గట్టి మూతలు వేయించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పోయిన నాలుగున్నర లక్షలు ఐదో బోరు వేసినా తిరిగి రావు, వేయకపోయినా రావు. కాబట్టి వాటిని ఈ లెక్కలోకి తేకండి. చెట్లు బతికితే ముందుముందు వచ్చే కాపును మాత్రం తప్పకుండా తీసుకోండి. ఎటూ తేలకపోతే ఇలా ఆలోచించి చూడండి. ఎండిన నాలుగు బోర్లతో సహా ఈ తోటను మీరు ఇవాళే వేరొకరి దగ్గర కౌలుకు తీసుకున్నారు. అప్పుడు లక్ష అప్పు తెచ్చి ఇక్కడ బోరు వేస్తారా? మనసు ‘వద్దు’ అంటే, ఇప్పుడు మిమ్మల్ని తోస్తున్నది నీళ్ల మీద ఆశ కాదు, పోయిన డబ్బు మీది బాధ. ఈ బలహీనత రైతులకే ఉందనుకోకండి. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే అమెరికన్ పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లు కొన్నవాళ్లను గమనించారు. సీజన్ మొదటి సగంలో, తగ్గింపు ధరకు టికెట్టు దొరికినవాళ్ల కంటే పూర్తి ధర చెల్లించినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇక మీ అన్నగారి మాట. 1913 ఆగస్టులో మాంటే కార్లో క్యాసినోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు గడిలోనే పడింది. ఇంక ఎరుపు రాక తప్పదని జనం ఎరుపు మీద డబ్బు కుమ్మరించి మునిగిపోయారు. వెనక ఏం జరిగిందో బంతికి గుర్తుండదు. బోరు సంగతి అంతకంటే కష్టం. మీ ప్రాంతంలో కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలో. ఒకే తోటలో నాలుగు చోట్ల పగులు తగలలేదంటే ఐదో చోట ఆశ తగ్గాలే గానీ పెరగకూడదు.

కొబ్బరికాయ పెద్దమనిషిని నేను మోసగాడు అనను. ఆయన తన విద్యను నిజంగానే నమ్ముతుండవచ్చు. కాకపోతే నీళ్లు పడిన బోరుకు ఊరంతా సాక్ష్యం చెబుతుంది, పడని బోరు ఊసు ఎవరూ ఎత్తరు. ఆయన పాయింటు పెట్టిన బోర్లన్నీ, ఎండినవాటితో సహా, ఒక కాగితం మీద రాయించండి. ఎవరినీ అడక్కుండా వేసిన బోర్ల లెక్క పక్కన రాసి పోల్చండి. మా పాఠకుల్లో ఎవరైనా ఈ పని చేస్తే ఆ కాగితం చూడాలని నాకూ ఉంది. అది తేలేలోగా భూగర్భ జలాల శాఖ వాళ్లతో సర్వే చేయించుకోండి. బయటి నుంచి తెచ్చుకోగలిగే నీటితో డ్రిప్ మీద ఎన్ని చెట్లు బతుకుతాయో కూడా లెక్క వేయండి. రెండెకరాలు నిలబెట్టుకోవడం ఓటమి ఏమీ కాదు.

సందేహం: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మంచి మార్కులు వచ్చాయని మెచ్చుకుంటే తర్వాతి పరీక్షలో తగ్గుతున్నాయి. తిడితే పెరుగుతున్నాయి. పొగిడితే దిష్టి తగులుతుందని మా అత్తగారు, తిట్టడమే మందని మావారు. ఎవరిది నిజం?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

సమాధానం: ఇద్దరూ చూసింది నిజమే. కారణం మాత్రం ఇద్దరూ తప్పు చెప్పారు.

మార్కుల్లో కొంత చదువు ఉంటుంది, కొంత ఆ రోజు కలిసి రావడం ఉంటుంది. ముందురోజు తిరగేసిన పాఠంలోంచే ప్రశ్న పడుతుంది, దిద్దినవారు ఉదారంగా ఉంటారు. మామూలుగా 80 తెచ్చుకునే పిల్లాడికి 93 వచ్చిందంటే అన్నీ కలిసొచ్చాయన్నమాట. ప్రతిసారీ అలా కలిసిరాదు. మీరు వాణ్ని మెచ్చుకున్నా, పక్కింటి కుక్కను మెచ్చుకున్నా తర్వాతి మార్కులు 80 వైపే దిగుతాయి. 65 వచ్చిన రోజు అన్నీ ఎదురు తిరిగాయి, తర్వాత తిట్టకపోయినా పెరుగుతాయి. ఎత్తరి తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లకంటే కాస్త పొట్టిగా ఉండటం గమనించి ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే ఈ సగటు వైపు మొగ్గును లెక్కగట్టాడు.

ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు కూడా మీవారిలాగే వాదించారు. పైలట్ బాగా నడిపినప్పుడు పొగిడితే మర్నాడు చెడగొడుతున్నాడు, తిడితే బాగుపడుతున్నాడు అన్నారు. అక్కడ పాఠం చెప్పడానికి వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమాన్‌కు (ఈయనకే 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది) అసలు గుట్టు అప్పుడే తట్టింది. మెప్పు పనిచేయలేదనీ, తిట్టు పనిచేసిందనీ మనకు అనిపించేలా ఈ అంకెలే మోసం చేస్తాయి. ఇళ్లలో, బళ్లలో ఎన్ని బెత్తాలు ఈ లెక్క తెలియక విరిగాయో!

ఏడాది మార్కులన్నీ ఒకే కాగితం మీద రాసి సగటు ఎటు పోతోందో చూడండి. అత్తగారు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పోస్తానంటే పోయనివ్వండి, ఉప్పు చౌక. పిల్లాడికి తిట్టు అంత చౌకగా పడదు.

సందేహం: కోల్డ్ స్టోరేజీలో అరవై టిక్కీల మిర్చి ఉంది. మొన్నామధ్య క్వింటా 20 వేలు పలికింది, ఇప్పుడు 12 వేలకు అడుగుతున్నారు. మళ్లీ 20 వచ్చేదాకా అమ్మకూడదని పట్టుబట్టాను. సబబేనా?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

సమాధానం: 20 అనే అంకె మీ మనసులో లంగరు వేసింది. కానెమాన్, ఆయన తోటి పరిశోధకుడు ఏమోస్ ట్వర్‌స్కీ 1974లో ప్రచురించిన ప్రయోగంలో ఒక చక్రం తిప్పేవారు. అది 10 మీదో 65 మీదో మాత్రమే ఆగేలా ముందే చేసి ఉంచారు. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగితే, 10 చూసినవాళ్ల అంచనా 25 దగ్గర, 65 చూసినవాళ్లది 45 దగ్గర ఆగింది. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధం లేదు. మీ పాత ధరకూ రేపటి మార్కెట్‌కూ ఉన్న సంబంధం కూడా అంతంతమాత్రమే.

పై రైతుకు చెప్పిన పరీక్షే మీకూ. ఇవాళ చేతిలో డబ్బుంటే క్వింటా 12 వేల చొప్పున అరవై టిక్కీలు కొని, అద్దె కట్టి దాచుకుంటారా? సాగు తగ్గిందనో, ఎగుమతి ఆర్డర్లు వస్తున్నాయనో కొంటానంటే, ఆగండి. ఒకప్పుడు 20 పలికిందన్న ఒక్క కారణమే ఉంటే ఆగకండి. అద్దె, వడ్డీ, తగ్గే రంగు మీ పట్టుదల చూసి జాలిపడవు. ఒక్కసారే తెగించలేకపోతే సగం అమ్మండి.

సందేహం: ఏం జరిగినా మావారు ‘నేను ముందే చెప్పాను’ అంటారు. ఎప్పుడూ చెప్పలేదు!
– ఒక గృహిణి, హైదరాబాద్

సమాధానం: ఆయన అబద్ధం ఆడటం లేదండీ. 1972లో అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, రష్యా పర్యటనలకు ముందు బారూక్ ఫిషాఫ్ అనే పరిశోధకుడు కొందరి చేత అంచనాలు రాయించాడు. తర్వాత అవే గుర్తు తెచ్చుకోమంటే, జరిగిన సంగతులు జరుగుతాయని తాము అప్పట్లో చెప్పినదానికంటే గట్టిగా చెప్పినట్టు వాళ్లకు గుర్తుంది. వంటింటి క్యాలెండర్ మీద ఆయన జోస్యాలన్నీ తారీఖు వేసి రాయించండి. మీవి కూడా రాయాలి సుమా!