పాత ఆయిలు ఇంజనుకు క్రొత్త బలము



వరి పొట్టమీద నున్నప్పుడు తడి తప్పినచో ఆ నష్టమును తరువాత పెట్టిన ఎన్ని తడులును పూడ్చలేవు. వాగుల ప్రక్కను, కాలువల ప్రక్కను ఉన్న అనేక చేలకు నేటికిని డీజిలు ఇంజనే ఆధారము. అది పాతబడి నీరు తగ్గినప్పుడు మనవారు సాధారణముగా రెండు పనులు చేయుదురు. గవర్నరు స్ప్రింగు బిగించి వేగము పెంచుట ఒకటి. సిలిండరు రీబోరింగు చేయించి బలము పెరుగునని తలచుట రెండవది. వీనివలన కలుగు ఫలితమేమి? సరియైన మార్గమేది?

ఒక లెక్క

ఒంటి సిలిండరు, రెండు బరువైన చక్రములు గల నెమ్మది ఇంజనులను మీరెరుగుదురు. ఇంగ్లాండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ ప్రవేశపెట్టిన నమూనాను అనుసరించి ఇట్టివి రాజ్‌కోట్‌లో విస్తారముగా తయారైనవి. ఈ నమూనాలో సిలిండరు వ్యాసము 114.3 మి.మీ., పిస్టను నడక 139.7 మి.మీ. నిమిషమునకు 600 చుట్లతో 5 అశ్వశక్తి నిచ్చును.

దీనికి 1 మి.మీ. మేర రీబోరింగు చేయించి పెద్ద పిస్టను వేసినను, సిలిండరు లోపలి పరిమాణము నూటికి 2 వంతులైనను పెరుగదు. కాబట్టి రీబోరింగు పోయిన బలమును తిరిగి తెచ్చునే గాని, లేని బలమును తేజాలదు.

వేగమును 600 నుండి 660కి పెంచినచో పంపు నీరు సుమారు నూటికి 10 వంతులు పెరుగును. కాని పంపు లాగు బరువు నూటికి 33 వంతులు పెరుగును. పోత ఇనుప చక్రముమీద పడు ఒత్తిడి నూటికి 21 వంతులు హెచ్చును. బీటవారిన చక్రము పగిలినచో దాని ముక్క ప్రాణము తీయగలదు. గవర్నరు స్ప్రింగును ఎన్నడును తయారీదారు చెప్పిన వేగమునకు మించి బిగింపరాదు.

లోపమును గుర్తించుట

పొగ రంగును చూడవలెను. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నదని తెలియవలెను. నల్లపొగకు బరువు ఎక్కువగుట, గాలి వడపోత పూడుట, ఇంజెక్టరు చెడుట కారణములు. వేడెక్కిన తరువాత గూడ తెల్లపొగ విడువకున్నచో డీజిలు సరిగా కాలుట లేదని గాని, సిలిండరులోనికి నీరు దిగుచున్నదని గాని అనుమానింపవలెను.

పిదప ఇంజను ఆపి, డీజిలు కట్టివేసి, చక్రమును చేతితో నెమ్మదిగా త్రిప్పవలెను. ఒత్తిడి బాగున్నచో చక్రము వెనుకకు తన్నును. తన్నకున్నచో సిలిండరులో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి మరల త్రిప్పవలెను. అప్పుడు ఒత్తిడి పెరిగినచో రింగులు, సిలిండరు అరిగినవి. పెరుగకున్నచో వాల్వులను, హెడ్డు గాస్కెటును చూడవలెను. వాల్వులను పేస్టుతో నూరినంత మాత్రమున తీరు లోపమునకు రీబోరింగు ఖర్చు పెట్టనక్కరలేదు.

విప్పుట, కూర్చుట

సిలిండరు అన్నిచోట్ల సమముగా అరుగదు. పైరింగు చేరు చోట ఎక్కువగా అరుగును. కావున లేతు పనివానిచే పైన, నడుమ, క్రింద, రెండు దిక్కుల కొలిపించి, ఆ కొలతలను కాగితముమీద వ్రాయించుకొనవలెను. క్రాంకు షాఫ్టును గూడ అట్లే కొలిపింపవలెను. పిస్టను కొన్న పిదపనే దానికి తగినట్లు సిలిండరు కోయింపవలెను. రింగును సిలిండరులో నుంచి కొనల మధ్య సందు చూడవలెను. సందు లేకున్న వేడికి రింగు వ్యాకోచించి పట్టివేయును.

హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఇంజెక్టరు చిమ్ము ధారకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును.

క్రొత్త రింగులు వేసిన ఇంజనుపై మొదటనే పూర్తి బరువు వేయరాదు. అట్లని గంటలకొలది ఒట్టిగా త్రిప్పుటయు తప్పే. సిలిండరు గోడ నునుపెక్కి రింగులు కుదురుకొనవు. తేలిక బరువుతో మొదలిడి క్రమముగా పెంచవలెను. మొదటి ఆయిలును త్వరగా మార్చవలెను.

నిజమైన అభివృద్ధి

ఇంజనుకు బలము పెంచుటకన్న దాని బరువు తగ్గించుట మేలు. 2½ అంగుళముల గొట్టము తీసి 3 అంగుళములది వేసినచో, అంతే నీటికి గొట్టములోని రాపిడి సుమారు అయిదింట రెండు వంతులకు దిగును. ఇరుకైన ఫుట్ వాల్వును మార్చి వెడల్పుదానిని వేయవలెను. అక్కరలేని వంపులు తీసివేయవలెను. నీరు పడు గొట్టపు కొనను కాలువ మట్టమునకు దింపవలెను. దుమ్ము చేలలో ఆయిలు తొట్టి గల గాలి వడపోతను, డీజిలుకు మంచి వడపోతను అమర్చవలెను. సిలిండరు త్వరగా అరుగుటకు దుమ్మే ముఖ్య కారణము.

ఈ పనిని పైరు పొలములో నున్నప్పుడు గాక, దాళ్వా కోతలైన పిదప వేసవిలో పెట్టుకొనవలెను. గ్రామాధికారులు ఈ లెక్కను రైతులకు విశదపరచినచో ఎంతో డబ్బు ఆదా యగును. మొదట ఒత్తిడి చూడుడు, పిదప కొలువుడు, ఆ తరువాతనే కోయింపుడు.