లాక్టేట్ పెరిగిందా? రక్తం ఎలా తీశారో ముందు చెప్పండి

సందేహం: డాక్టర్ గారూ, బేగంబజార్‌లో మాది ఎండుమిర్చి, పసుపు హోల్‌సేల్ దుకాణం. మా నాన్నగారికి 61 ఏళ్లు. చాలాకాలంగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈమధ్య నీరసంగా ఉందంటే ప్యాకేజీ పరీక్షలు చేయించాం. ల్యాబ్ కుర్రాడు దుకాణానికే వచ్చి రక్తం తీసుకెళ్లాడు. లాక్టేట్ 28 వచ్చింది. రక్తంలో యాసిడ్ చేరిందని, మాత్రలు ఆపేయమని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఆపేయాలా?
– ఓ పాఠకుడు, బేగంబజార్

సమాధానం: మీ అంతట మీరు ఆపకండి. రిపోర్టులో 28 పక్కన ఏ కొలత రాశారో చూడండి. డెసిలీటరుకు మిల్లీగ్రాములు అని ఉంటే 9తో భాగించండి, లీటరుకు సుమారు 3.1 మిల్లీమోల్స్ అవుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషికి ఇది 2 లోపు ఉండాలి. కాబట్టి పెరిగిన మాట నిజమే. అయితే లాక్టిక్ అసిడోసిస్ అనాలంటే సాధారణంగా 4 దాటాలి, రక్తం పీహెచ్ కూడా 7.35 కంటే తగ్గాలి.

నా అనుమానమంతా రక్తం తీసిన తీరు మీదే. మూటలు సర్దుతున్న మనిషి వచ్చి కూర్చోగానే చేతికి పట్టీ బిగించి, పిడికిలి మూసి తెరవమంటే చాలు, అంకె పెరుగుతుంది. తీశాక కూడా ట్యూబులో ఎర్రకణాలు గ్లూకోజును కరిగిస్తూ లాక్టేట్ తయారు చేస్తూనే ఉంటాయి. అందుకే ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో తీసి, ఐసులో పెట్టి, వెంటనే ల్యాబుకు చేర్చాలి. కుర్రాడు ఇంకో నాలుగిళ్లు తిరిగి వెళ్లి ఉంటే ఆ రిపోర్టును నేను నమ్మను. నాన్నగారిని ల్యాబుకే తీసుకెళ్లి, అరగంట కూర్చోబెట్టి, మళ్లీ చేయించండి.

అసలు ఈ పరీక్షను ప్యాకేజీలో కలపడమే నాకు నచ్చదు. సెప్సిస్, షాక్ లాంటి స్థితిలో ఉన్న రోగికి కొన్ని గంటలకోసారి చేసి, అంకె దిగుతోందో లేదో చూసుకోవడానికి ఉద్దేశించిన పరీక్ష ఇది.

మెట్‌ఫార్మిన్ మీద భయం ఊరికే పుట్టలేదు. అదే కుటుంబానికి చెందిన ఫెన్‌ఫార్మిన్‌ను ఈ సమస్యతోనే 1970ల చివర్లో అమెరికాలో ఆపేశారు. లాక్టేట్‌ను కాలేయం తిరిగి గ్లూకోజుగా మారుస్తుంది, మెట్‌ఫార్మిన్ ఆ పనిని కొంత తగ్గిస్తుంది. కిడ్నీలు బాగుంటే మందు మూత్రంలో పోతుంది, దెబ్బతింటే పేరుకుపోతుంది. అందుకని క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ చూపించండి. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే ఈ మందు వాడకూడదు, 30–45 మధ్య ఉంటే డాక్టరు డోసు తగ్గిస్తారు. వాంతులు, ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు. మీకు ఉస్మానియా ఆసుపత్రి దగ్గరే, వెంటనే తీసుకెళ్లండి.

సందేహం: గోదాంలో హమాలీ పని చేస్తాను. మూటలెక్కువ మోసిన మర్నాడు ఒళ్లంతా నొప్పులు. లాక్టిక్ యాసిడ్ వల్లేనంటున్నారు. రక్తపరీక్ష అవసరమా?

సమాధానం: అవసరం లేదు. మూట దించి కూర్చున్న గంటలోపే లాక్టేట్ దాదాపు మామూలుకు వచ్చేస్తుంది. మర్నాటి నొప్పి కండరాల పోగులు సన్నగా దెబ్బతిని వాచడం వల్ల వచ్చేది. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ యాసిడే మూలమని ఒకప్పుడు శాస్త్రవేత్తలూ నమ్మారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని 1927లో ప్రకటించారు. ఆ నమ్మకం కదిలిపోవడానికి అది పెద్ద కారణమైంది.

నీళ్లు బాగా తాగండి. నొప్పులతోపాటు మూత్రం కోలా రంగులో వస్తే, అది కండరం కరిగి కిడ్నీలకు చేరుతున్న సూచన. ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.