మనఃప్రసాదము

ఖాజాగూడ కొండలలోని బండరాళ్ళు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ బండల నడుమ అనంతపద్మనాభస్వామి ఆలయము కలదు. చుట్టును నేడు కంప్యూటరు సంస్థల అద్దాల మేడలు లేచినవి. అందు అర్ధరాత్రి వరకు పనిచేసి, ఇల్లు చేరి, పగటి పొరపాటొకటి తలచుకొని నిద్రపట్టక దొర్లు యువకులు ఎందరో కలరు. తోటివాడు అదే తప్పు చేసినచో "పోనిమ్ము, రేపు సరిదిద్దుకొందువు" అని ఓదార్చువాడే, తన విషయమున మాత్రము కఠిన న్యాయాధిపతి యగుచున్నాడు. అట్టివారిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

భగవద్గీత 17వ అధ్యాయమున మానసిక తపస్సును వివరించుచు శ్రీకృష్ణ భగవానుడు మొట్టమొదట పేర్కొన్నది మనఃప్రసాదము, అనగా మనస్సు ప్రసన్నముగా నుండుట. మౌనము, ఆత్మనిగ్రహము దాని తరువాతనే వచ్చినవి. ప్రసన్నత అదృష్టవశమున లభించు వరము గాదు. నిత్యము చేయవలసిన సాధన. తనకు తానే బంధువు, తానే శత్రువు అనియు, తన్ను తాను క్రుంగదీసికొనరాదనియు 6వ అధ్యాయమున బోధింపబడినది.

ఈ బోధ ఆచరణలో ఎట్లుండునో తెలిసికొనుటకు ఖాజాగూడకు కొద్ది మైళ్ళ దూరమునగల గోల్కొండ కోటకు పోవలెను. తానీషాగా ప్రసిద్ధుడైన అబుల్ హసన్ కుతుబ్ షా పాలనలో (1672-1687) కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండెను. సర్కారు పైకముతో భద్రాచలమున రామాలయము కట్టించి, ఆ నేరమునకు ఈ కోటలో పండ్రెండేండ్లు బందీయయ్యెనని సంప్రదాయము. ఆయన చెరసాలగా చూపు గదిని యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు.

రామదాసు సహనమూర్తియని మనము సులభముగా అనుచుందుము. ఆయన కీర్తనలు అట్లు చెప్పుట లేదు. సీతమ్మకును, తమ్ములకును చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి, స్వామినే నిలదీసెను. ఆ వెంటనే, దెబ్బల కోర్వలేక అట్లు పలికితినని విన్నవించుకొనెను. ఇచట ఆగి ఆలోచింపవలెను. నోరుజారిన మాటను ఆయన దాచలేదు. ఆ మాటను రప్పించిన బాధనును దాచలేదు. దైవమును దూషించితినే, ఇక పాడుటకు అర్హుడనుగానని మానుకొనలేదు. తనకు చేతనైన పని పాట కట్టుట. సంకెళ్ళలోను దానిని విడువలేదు.

తన్ను తాను క్షమించుకొనుట సోమరితనమునకు దారి కాదా యని పెద్దలు అడుగవచ్చును. లెక్క చెప్పకుండ క్షమించుకొన్నచో దారియే. రామదాసు లెక్క చెప్పెను. (ఆ లెక్క చెప్పవలసినది రామునకు గాదు, తానీషాకని హాస్యమాడువారును కలరు. అదియు నిజమే.)

కనుక రాత్రి ఇల్లు చేరినవారు కొద్దిసేపు దీపమునెదుట కూర్చుండి, జరిగిన తప్పు ఇదియని తమకు తాము స్పష్టముగా చెప్పుకొనవలెను. అప్పటి అలసటను, భయమును కూడ చెప్పుకొనవలెను. మిత్రునకు చెప్పు ఓదార్పు మాటనే తమకును చెప్పుకొని, మరునాడు సరిదిద్దవలసినదేదో నిశ్చయించుకొనవలెను. పాటయో, ముగ్గో, వంటయో, పిల్లలకు లెక్కలు నేర్పుటయో, తమకు వచ్చిన విద్యకు దినమునకు పావుగంట కేటాయింపవలెను. వారముల తరబడి నిద్రపట్టనిచో వైద్యుని దర్శించుటకు సిగ్గుపడరాదు. జ్వరము వచ్చినప్పుడు సిగ్గుపడుచున్నామా?